ఐదుగురని రాశాను

మొన్న ఎదురింటాయన మా వరండాలో కూర్చుని టీ తాగుతూ, "జనం పెరిగిపోయారండీ, అదీ అసలు రోగం. ఈ అడవోళ్ళని చూడండి, ఇంటికి అరడజను. ఇంక నీళ్ళెక్కణ్ణించి వస్తాయి?" అన్నాడు. గనిలో మిషను నడిపి రిటైరైన మనిషి. ఆ పొద్దున్నే గొట్టం పెట్టి కారు కడుగుతుంటే నేను వంటింటి కిటికీలోంచి చూశాను. అరగంట కడిగాడు. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళాం ఇద్దరు, ఏసీలు మూడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ అడవోళ్ళు మీ కుళాయి దగ్గరికి ఎప్పుడైనా బిందె పట్టుకొచ్చారా బాబూ?" అన్నాను.

ఆయన నవ్వేశాడు. "మీరు నర్సుగా చేశారు, మీకు తెలీందేముంది!" అన్నాడు.

అదిగో, అక్కడే దొరికిపోయాను. అవును, నర్సుగా చేశాను. ఈయన ఇవాళ టీ తాగుతూ అన్న మాటలే ఒకప్పుడు నేను గుడిసె గుడిసెకీ తిరిగి అప్పజెప్పాను, అదీ జీతం పుచ్చుకుని. ఆయన వెళ్ళిపోయాక మడతపెట్టి ఉన్న బట్టలన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టాను. మా ఆయన పేపరు దించి, "ఏటయింది? కూకోలేవేటి కాసేపు?" అన్నాడు. కూర్చోలేను. ఆ మాటకొస్తే కుదురుగా కూర్చుని చాలా ఏళ్ళయింది.

మాది విజయనగరం వైపు. ఇనుప రాయి కోసం కిరండోల్ లైను పడ్డ కొత్తల్లో మా నాన్న రైల్లో గ్యాంగుపనికి వచ్చి, మమ్మల్ని తెచ్చి ఈ కొండల్లో పడేశాడు. నేను రైల్వే క్వార్టర్లలోనే పెరిగి, రైల్వే ఇంటికే కోడలినయ్యాను. మా ఆయన గూడ్సు గార్డు. కొండ మీద తవ్విన ఇనుప రాయిని విశాఖపట్నం రేవుకి తీసుకెళ్ళే బండ్లవి. అక్కణ్ణించి ఓడలకెత్తి జపాను పంపేవారు. నేను జగదల్‌పూర్‌లో నర్సు ట్రైనింగయ్యాక, కొండ కింద సర్కారీ డిస్పెన్సరీలో వేశారు. రేకుల కప్పు, రెండు గదులు, నేను, ఒక కాంపౌండరు, అంతే. కంపెనీ ఉద్యోగస్తులకి పైన టౌన్‌షిప్పులో పెద్దాసుపత్రి ఉండేది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు కూలీలు.

ఆ కూలీల్లో సగానికి సగం బాసగూడ, ఉసూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఊళ్ళో కోతలయ్యాక, కూలీలని కుదిర్చే ఠేకేదారు లారీలో ఎక్కించి తెచ్చేవాడు. కొండ వాలు మీద కొమ్మలూ రెల్లుగడ్డీ వేసుకుని గుడిసెలు కట్టుకునేవారు. మొగాళ్ళు సుత్తులతో రాయి కొడితే ఆడవాళ్ళు తట్టలకెత్తేవారు. మళ్ళీ వేసవిలో బీడీల తునికాకు కోతకి ఊళ్ళకి పోయేవారు. కొండ పక్క వాగు రాయి కడిగిన నీళ్ళతో ఎర్రగా ఉండేది. ఆడవాళ్ళు ఇసకలో చెలమలు తీసి, నీళ్ళు తేరేదాకా పక్కనే కూర్చుని, ముంతతో తోడుకునేవారు. నలుగురున్న ఇంటికి రోజుకి రెండు కుండలు. మా క్వార్టర్లో నేనొక్కదాన్నే స్నానానికి అంతకన్నా ఎక్కువ ఒలకబోసేదాన్ని. ఇది నాకు అప్పుడు తట్టలేదు, అబద్ధమెందుకు చెప్పాలి.

వాళ్ళలో చాలామందికి తెలుగు వచ్చు. ఇంట్లో దోర్లీ, సంతలో హిందీ, నాతో తెలుగు. నేను "ఏటి" అంటే వాళ్ళు నవ్వేవారు, వాళ్ళు "ఏంది" అంటే నేను వెక్కిరించేదాన్ని. ఆ తెలుగే నా కొంప ముంచింది. మీటింగులో మా పై డాక్టరు, మేమంతా బడా సాబ్ అనేవాళ్ళం, ఎప్పుడూ నావైపే చూసేవాడు. "తెలుగు కూలీలు నీ మాట వింటారు. నీకు కేసులకేం లోటు?" అనేవాడు.

కేసంటే కుటుంబ నియంత్రణ ఆపరేషనుకి ఒప్పించి తీసుకొచ్చిన మనిషి. అప్పట్లో ఒక్క నర్సులకే కాదు, బళ్ళో గురూజీకీ పట్వారీకీ కూడా కేసుల టార్గెట్ ఉండేది. మార్చి నెలాఖరుకి లెక్క పూర్తి కాకపోతే ఆ నెల జీతం ఆగేది. ఆపైన జగర్గుండాకి బదిలీ అని బెదిరింపొకటి. (తర్వాత నన్ను నిజంగానే జగర్గుండా వేశారు. అప్పటికది పెద్ద అంగడి ఊరు, శిక్షలా ఏమీ అనిపించలేదు. ఎందుకు వేశారన్నది చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.)

ఆ మీటింగుల్లో ఒకటి బాగా గుర్తు. బడా సాబ్ గోడకి చార్టు తగిలించి, బెత్తం పెట్టి చూపిస్తున్నాడు. ఇంతమంది ఇలాగే పుడుతూ పోతే తిండి చాలదు, నీళ్ళు చాలవు, "ధర్తీ ఛోటీ పడ్ జాయేగీ" అంటుండగా కిటికీ అవతల రాయి బండి పోవడం మొదలైంది. ఆ చప్పుడులో ఏం చెప్పినా వినపడదు. ఆయన బెత్తం చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. మేము టీ తాగాం. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, అంత కొండా పోతూనే ఉంది. బండి దాటాక ఆయన గొంతు సవరించుకుని, భూమి ఎలా చాలదో మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

ఆ ఏడు నాకు ఒక్క కేసు తక్కువైంది. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుంది. అన్నం సహించేది కాదు. కాలు కాలిన పిల్లిలా డిస్పెన్సరీకీ గుడిసెలకీ మధ్య తిరుగుతున్నాను. సరిగ్గా అప్పుడే ఆమె వచ్చింది.

పాతికేళ్ళుంటాయేమో. తల మీద తట్ట మోసి మోసి మెడ నరాలు పైకి తేలాయి. కనురెప్ప కింద లాగి చూస్తే సుద్దలా ఉంది, చుక్క రక్తం లేదు. మా కాంపౌండరు, "రోజూ ఇనుము మోస్తుంది, ఒంట్లో మాత్రం ఇనుము లేదు" అని తన జోకుకి తనే నవ్వుకుంటూ ఐరన్ బిళ్ళలు పొట్లం కట్టాడు. కళ్ళు తిరుగుతున్నాయంది. కానుపై మూడు నెలలైందంది. ఒళ్ళో బిడ్డ లేదు. ఇంటిదగ్గర పెద్ద పిల్లల చేతిలో పెట్టి వచ్చిందనుకున్నాను. అనుకున్నానే గానీ అడగలేదు.

పొట్లం కొంగున ముడేసుకుని కూడా కదల్లేదు. కాంపౌండరు అవతలికి పోయేదాకా ఆగి, "అక్కా, రెండేండ్లు కడుపు నిలవకుంట మందేమన్న ఉన్నదా?" అంది.

"రెండేళ్ళేం లెక్క?"

"ఒళ్ళు కూడదీసుకోవాలె. ఆనక మల్ల కావాలె."

మందు ఉంది. గర్భసంచిలో పెట్టే లూపు ఉంది. నా వెనక అల్మరాలో, రెండో అరలో, డబ్బా నిండా ఉన్నాయి. వేయడం నాకు వచ్చు. అయిదు నిమిషాల పని. రెండేళ్ళు పోయాక తీసెయ్యమంటే తీసేస్తే సరి. కానీ లూపు వేస్తే దాన్ని పూర్తి కేసు కింద లెక్కేసేవారు కాదు. నాకు కావలసింది పూర్తి కేసు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మా బాబు పుట్టిన ఏడాదికి నేను లూపు వేయించుకున్నాను, అత్తగారికి తెలియకుండా. ఆమెతో మాట్లాడుతున్న ఆ నిమిషాన కూడా అది నా ఒంట్లోనే ఉంది.

"ఎంతమంది పిల్లలు నీకు?" అన్నాను.

"ఐదుగురు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఐదుగురంటే ఏ డాక్టరూ కాదనడు. "ఐదుగురున్నాక మళ్ళీ కావాలంటావేంటే తల్లీ! నీ ఒంట్లో ఏముందని?" అని కసిరాను.

ఆమె నా మొహంలోకి అదోలా చూసింది. "ఐదుగురుంటే సాలంటవా?"

"చాలక? నాకు ఒక్కడే. హాయిగా లేనూ?"

"నువ్వు సెప్పు. ఐదుగురు సాలా?"

"చాలు! ఆపరేషను చేయించుకో. ఇంక కానుపులుండవు, ఈ బాధలుండవు. పిల్లలు పుట్టరు, అర్థమైందా? పూర్తిగా ఆగిపోతాయి." నేను మోసం చెయ్యలేదని చెప్పడం కాదు గానీ, ఆ సంగతి మాత్రం తిన్నగానే చెప్పాను. ఆమె చాలాసేపు నేల చూస్తూ నిలబడింది. సిగ్గనుకున్నాను. భయమనుకుని వీపు కూడా తట్టాను. "సరే, నువ్వన్నవు గద" అంది. మర్నాడు ఆపరేషన్ల శిబిరానికి జీపు వచ్చింది. మొగుడు వేలిముద్ర వేశాడు. "బతికి ఉన్న పిల్లలు" అని అచ్చు వేసి ఉన్న గడిలో నేను, ఆమె చూస్తుండగానే, ఐదుగురు అని పైకి అంటూ నా చేత్తో 5 వేశాను.

మా వైపు ఎవరైనా ఎందరు పిల్లలని అడిగితే ఉన్నవాళ్ళనే చెబుతాం. పోయినవాళ్ళ మాట ఎత్తడం అశుభం, నోటికే రానివ్వం. లోకమంతా అలాగే అనుకుంటుందని అనుకున్నాను.

శిబిరం బాగానే జరిగింది. టార్గెట్ పూర్తయింది. ఇంటికొచ్చి పులిహోర చేసుకుని తిన్నాను, ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

వారం తర్వాత కుట్లు విప్పడానికి గుడిసెకి వెళ్ళాను. ఆ రోజు వాళ్ళకి మామిడి పండుం, అంటే కొత్తకాయ పండగ. ఆ ఏటి కొత్త మామిడికాయ ముందు పెద్దలకి పెట్టి, తర్వాతే మనుషులు తినాలి. అందాకా చెట్టు కింద రాలిన పిందె కూడా ముట్టరు. గుడిసె ముందు అలికి, మోదుగాకులు పరిచింది. నాలుగేళ్ళ ఆడపిల్ల ఒకతె, ముక్కు కారుతూ, ఒక ఆకు ముందు కూర్చుని ఉంది. ఆ పక్కన అరచేతంత ఆకులు నాలుగు. ఒక్కొక్క దాంట్లో చిటికెడు అన్నం, ఒక మామిడి ముక్క.

"మిగతా నలుగురేరీ? కొండెక్కారా?" అన్నాను కత్తెర తీస్తూ.

"ఇగో, వచ్చిన్రు గద" అని ఆ చిన్నాకులు చూపించింది.

నాకు అర్థం కాలేదు. అప్పుడామె ఒక్కొక్క ఆకు దగ్గర వేలు పెట్టి చెప్పింది. పెద్దోడు జ్వరంతో పోయాడు. రెండోది ఈ ముక్కు కారే పిల్ల, ఇది ఉంది. మూడోది విరోచనాలతో పోయింది. నాలుగోవాడు పుట్టిననాడే పోయాడు. చివరిది ఆడపిల్ల, తొమ్మిది దినాలుంది, పోయింది. కొత్త పంట ఏది వచ్చినా తను ఐదాకులు వేస్తుంది. పోయిన పిల్లలు ఇల్లు విడిచి పోరనీ, ఆకలికి వస్తారనీ, తల్లి బతికున్నంతకాలం తల్లి లెక్కలోనే ఉంటారనీ చెప్పింది. ఏడుపు లేదు. ఈ సంగతి నాకు తెలియకపోవడమే ఆమెకి వింతగా ఉంది.

కుట్లు విప్పుతుంటే ఒక దారం లోపలే తెగి, ఆమె "అబ్బా" అంది. నాకొక మామిడి ముక్క పెట్టింది, పండుం నాడు ఇంటికొచ్చినవాళ్ళు తినకుండా పోకూడదట. ఆ ముక్క నోట్లో పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక, అలాగే వాగు దాకా నడిచాను. వాగు దగ్గర ఉమ్మేశాను. ఓరి దేవుడా, ఏం చేశాను నేను, అని పైకే అన్నాను. రాయి కొట్టే వాళ్ళెవరో తిరిగి చూశారు.

మర్నాడు బడా సాబ్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. తలుపు దగ్గరికి వేసి, "రిజిస్టర్ బంద్ హో గయా. ఎవరూ అడగరు. నువ్వెందుకు తవ్వుకుంటావు?" అన్నాడు. నేను కదలకపోయేసరికి ఇంకొకటి చెప్పాడు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో కోసిన నాళాలని మళ్ళీ కలుపుతారట. అన్నిసార్లూ కలవవు. కలిసినా కడుపు పండుతుందని నమ్మకం లేదు. కానీ ప్రయత్నం చెయ్యొచ్చు. దానికి మన దగ్గర్నుంచి ఉత్తరం కావాలి. ఉన్న సంతానం ఒక్కరే, ఐదని వేయడం తప్పు అని నేను సంతకం పెట్టి రాసివ్వాలి. రాసిస్తే విచారణ, ఉద్యోగం సంగతి చెప్పలేం. "సోచ్ లో" అన్నాడు.

ఆలోచించాను. ఛీ, ఆలోచించడం ఏమిటి, ఎగవేశాను. సోమవారం రాస్తానన్నాను. సోమవారం టీకాల పని పడింది. తర్వాత బాబుకి దగ్గు. తర్వాత కలంలో సిరా లేదు, నిజంగా, అలా కూడా అనుకున్నాను. అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టి వీధిలోకి వెళ్ళిపోయేదాన్ని. తోమిన గిన్నెలే తోమేదాన్ని. మూడు వారాలు అలా గడిచాయి.

ఒక మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, మాడిన అన్నం వాసనకి వంటింట్లోకి వచ్చాడు. అప్పటికే అన్నీ చెప్పి ఉన్నాను. గిన్నె దించి, అక్కడే గడప మీద కూలబడ్డాడు. "నేను నాలుగేళ్ళ నుంచీ కొండని పట్టుకుపోయి సముద్రం కాడ దింపొస్తన్నాను. ఎంత తెచ్చావు, ఎవుళికి తెచ్చావని నన్నెవుళూ అడగలేదు. ఆ మడిసి ఒక్క పిల్లని అడిగితే భూమికి బరువైపోయిందేటి?" అన్నాడు. గిన్నె అడుగు గోకుతూ, "రాసీ. ఉద్యోగం పోతే పోనీ. తిండికి నానున్నాను కదా. నువ్విలా తిరుగుతుంటే నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు" అన్నాడు. నాకు కోపమే వచ్చింది. ఇంత సులువుగా చెబుతున్నాడే అని. కానీ ఆ సాయంత్రమే రాశాను.

ఉత్తరం పట్టుకుని గుడిసెలకి వెళ్తే అక్కడ పొయ్యిరాళ్ళు తప్ప ఏమీ లేవు. తునికాకు కోతకని అందరూ ఊళ్ళకి పోయారు. నావల్ల ఆలస్యమైంది, ఇంకెవరివల్లా కాదు.

రెండు రోజులు సెలవు పెట్టాను. బాబుని అత్తగారి దగ్గర వదిలి బిజాపూర్ దాకా బస్సు, అక్కణ్ణించి తునికాకు ఠేకేదారు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని బాసగూడ. అడుగుతూ అడుగుతూ వాగు దాటి వాళ్ళ పల్లెకి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆమె పందిరి కింద కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. ఆ పిల్ల పక్కనే చిరిగిన ఆకులు ఏరి అవతల పారేస్తోంది. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. "ఏందక్కా, గింత దూరం! ఎండల పడి వచ్చినవేంది?" అని లేచి సొరబుర్రలో నీళ్ళు తెచ్చిచ్చింది. నీళ్ళన్నీ తాగేశాను, ఒక్క చుక్క మిగల్చకుండా.

తర్వాత చెప్పాను. ఏదీ దాచలేదు. నాకు ఒక్క కేసు తక్కువైన సంగతి, జీతం ఆగుతుందన్న భయం, అల్మరాలో లూపుల డబ్బా, నా ఒంట్లో ఉన్నది, అన్నీ. లూపంటే ఏమిటో, దాన్ని వేయడం తీయడం ఎలాగో కూడా చెప్పాను. ఆమె కట్టలు కడుతూనే వింది. విశాఖపట్నం సంగతి చెప్పాను. ఖర్చు మాదే, తోడు నేనే వస్తానన్నాను.

"మల్ల కోస్తరా?" అంది.

"కొయ్యాలి."

"కోసినంక పిల్లలైతరా?"

"అవొచ్చు. కాకపోనూవచ్చు."

"ఆ కాయితంల ఏం రాసినవ్? సదువు."

చదివాను. ఈమెకు ఉన్న సంతానం ఒక్కరే. ఐదుగురని రాయడం నా పొరపాటు. దీన్ని ఒకటిగా దిద్దుకోవలసిందిగా మనవి.

కట్ట కడుతున్న చేతులు ఆగిపోయాయి. "ఒక్కరా?"

నేను కాగితంలో ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను.

"మా అత్త ఒక్కతే అంటది. ఠేకేదారు ఒక్కతే అంటడు. ఊళ్ళె అందరు గట్లనే అంటరు, సచ్చినోళ్ళను లెక్కవెట్టకు, నీకు మిగిలింది ఒక్కతే అని. నువ్వొక్కదానివే ఐదుగురని రాసినవ్. నేను జూసిన, నీ చేత్తోటి రాసినవ్. సచ్చినోళ్ళను గూడ లెక్కల వెట్టే మనిషి, సదువుకున్న మనిషి, సాలు అంటాంది గద, అయితే సాలే అనుకున్న. అందుకే నీ ఎంట వచ్చిన. గిప్పుడు నువ్వు గూడ ఒక్కతే అంటున్నవా?"

నాకు ఏడుపాగలేదు. మొహం కొంగులో దాచుకుని ఏడ్చాను. ఆ పిల్ల బెదిరి తల్లి వెనక్కి పోయింది. ఆమె ఓదార్చలేదు. విసుగ్గా, "ఏడ్వకు" అంది. "ఒకసారి నీ కేసు కోసం కోయించినవ్. గిప్పుడు నీ మనసు నెమ్మదైతందుకు మల్ల కోయించుకోవాల్నా? నేను రాను."

లారీ వెళ్ళిపోతుంది, లేవాలి. చివరికి, "మరి ఈ కాగితం ఏం చెయ్యను?" అన్నాను, దద్దమ్మలా, ఆమెనే.

"దిద్దు" అంది. "ఐదుగురు తప్పు గాదు. అది కొట్టెయ్యకు. నేను రెండేండ్లకు మందు అడిగిన. నీ కాడ ఉన్నది. నువ్వియ్యలే. తప్పంటే గది. గది రాయి."

సంచీలోంచి కలం తీశాను. మోకాలి మీద కాగితం పెట్టుకుని, రాసిందంతా అడ్డంగా కొట్టేశాను. ఆ కింద రాశాను. ఈమె రెండేళ్ళ గడువు అడిగింది. నా దగ్గర మందు ఉంది. నేను ఇవ్వలేదు.

"సదువు."

చదివాను.

"ఆఁ" అంది. "గిప్పుడు ఏలు వెయ్యి." నాకు సంతకం వచ్చన్న సంగతి ఆమెకి తెలుసు. అయినా నేను కలం పాళీ మీది ఇంకు బొటనవేలికి రుద్దుకుని, ఆమె మొగుడు ఆ రోజు వేసినట్టే వేలిముద్ర వేశాను.